తిరిగి ఇల్లు చేరిన పెద్దలు

ఆసుపత్రినుండి పెద్దవారు తిరిగి వచ్చు దినము ఆ యింట పండుగవంటిది. వాకిట బండి ఆగగానే ఇరుగుపొరుగువారు చేరుదురు. ఒకరు దిష్టి తీయుదురు. గండము గడచినదని అందరును కుదుటపడుదురు. కాని ఇల్లు చేరిన తొలి వారములలో వృద్ధులు పడిపోవుట తరచుగా జరుగుచుండును. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో తెలిపిన అంచనా ప్రకారము, లోకమున ఏటేట సుమారు 6,84,000 మంది పడుటవలన మరణించుచున్నారు. వారిలో 60 ఏండ్లు దాటినవారే అధికము.

ఇల్లు ఎప్పటివలెనే యుండును, మారినది మనిషి. ఏబదియేండ్లు చీకటిలోనైనను తడబడక తిరిగిన పెరటిదారి ఇప్పుడు కొత్తదగును. కదలక పండుకొన్న దేహము ఎంత త్వరగా క్షీణించునో 2007లో అమెరికాలో వెలువడిన ఒక పరిశోధన చూపినది. ఆరోగ్యవంతులైన వృద్ధులను 10 దినములు మంచముపైననే యుంచగా, వారి కాళ్ళలో సుమారు ఒక కిలోగ్రాము కండ తరిగిపోయినది. రోగము లేనివారి గతియే ఇట్లుండగా, శస్త్రచికిత్స జరిగి పడకపట్టినవారి మాట చెప్పనేల?

లేచినంతనే కన్నులకు చీకట్లు క్రమ్ముట మరియొక అపాయము. నిలుచున్నప్పుడు రక్తము కాళ్ళలోనికి దిగును. పడుచువారి గుండెయు రక్తనాళములును దానిని వెంటనే సరిదిద్దుకొనును, వృద్ధులలో ఆలస్యమగును. రక్తపోటునకును నిద్రకును వాడు కొన్ని మందులు తూలుటను పెంచును. కావున మంచపుపట్టెపై కొంతసేపు కూర్చుండి, పిదప లేవవలెను. ఆసుపత్రివారిచ్చిన మందులను, ఇంటిలోని పాతవానిని కలిపి వైద్యునకు చూపవలెను. ఒకే మందును రెండు పేర్లతో మ్రింగువారు లేకపోలేదు.

ఇక ఇంటిని చూడవలెను. సబ్బునీరు నిలిచిన నున్నని బండలు, నూతికడ పట్టిన నాచు, అంచు లేచిన చాప, అరిగిన రబ్బరు చెప్పులు, కాలిక్రింద పడు పంచె అంచు - ఇవి యన్నియు పడద్రోయునవే. గడపను తీసివేయుటకు తెలుగు ఇండ్లలో ఎవరు ఒప్పుకొందురు? ఒప్పుకొననక్కరలేదు. పసుపు పూసి బొట్లు పెట్టిన గడప మసకకన్నులకును తెలియును. మాసిపోయిన గడపయే కాలికి తగులును. రాత్రివేళ మంచమునుండి స్నానపుగది వరకు చిన్న దీపము వెలుగవలెను. గోడకు గట్టిగా బిగించిన కమ్మిని పట్టుకొనవచ్చును గాని, తువ్వాలు వేయు కడ్డీని నమ్మరాదు; అది మనిషి బరువును ఓర్వదు.

ఇన్ని అపాయములుండగా పెద్దవారిని కుర్చీనుండి లేవనీయకుండుటయే క్షేమమని కొందరు తలంతురు. ప్రేమతో చేయు పొరపాట్లలో ఇది పెద్దది. "అమ్మమ్మా, నీవు లేవకు. కావలసినది నేను తెచ్చెదను" అని మనుమరాలు అనును. నాలుగు దినములు ఆ మాట తీయగానే యుండును. పిదప కాళ్ళు మరింత సన్నగిల్లును. పడుదునేమో యను భయము పెరుగును. భయముచే బిగుసుకొని నడచువారికి తూలినప్పుడు నిలద్రొక్కుకొనుట కష్టము. తులసికోట వరకు పోలేని ముసలమ్మ తన యింటనే అతిథియై పోవును.

కెనడాలో ఇరువురు నిపుణులు 1991లో ఒక సులభమైన పరీక్షను వెలువరించిరి. కుర్చీనుండి లేచి, 3 మీటర్లు నడచి, వెనుకకు తిరిగి వచ్చి కూర్చుండవలెను. దీనికి 12 సెకండ్లుగాని అంతకు మించిగాని పట్టినచో పడు అపాయము కలదని అమెరికా ఆరోగ్యశాఖవారు ఎంచుదురు. వైద్యుడు నడువవచ్చునని చెప్పిన తరువాత దీనిని ఇంటనే చేయవచ్చును. చేయి అందించుటకు పెద్దవారొకరు ప్రక్కన నిలువవలెను. గడియారము చూచు పని మనుమరాలిది. ఆ లెక్కను దినదినము వ్రాసి గోడకు అంటించినచో, కొలది దినములకు అమ్మమ్మయే కేక వేయును: "ఏమే, నేడు నా పరీక్ష సంగతి మరచితివా?"