ఆటలో నిజం పాలెంత?

మా తామరైపాక్కంలో మిద్దె యెక్కి నిలబడితే శ్రీహరికోట రాకెట్ల వెలుగు కనబడుతుంది. 2024 డిసెంబరు 30 రాత్రి పది గంటలకు నేనూ, మా మనవడూ అలాగే నిలబడి చూశాము. ఉత్తరాన నిప్పుముద్ద లేచి, సముద్రం వైపు వంగి మాయమయింది. అందులో రెండు ఉపగ్రహాలు. ఒక్కొక్కటి సుమారు 220 కిలోలు. పైకి వెళ్ళి విడిపోయి, మళ్ళీ వెతుక్కొని ఒకదాన్నొకటి పట్టుకోవాలి.

"నా ఆటలో అయితే పావుగంట పని తాతా!" అన్నాడు వాడు.

నాకు చిర్రెత్తుకొచ్చింది. ముప్పయ్యేళ్ళు బడిపిల్లలకు భౌతికశాస్త్రం చెప్పినవాణ్ణి మరి! వాడి ఆట కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్; 2015లో పూర్తిరూపంలో వచ్చింది. రాకెట్లు తోలేవాళ్ళు పచ్చని బొమ్మమనుషులు. వాళ్ళ గ్రహానికి వ్యాసార్ధం 600 కిలోమీటర్లు. మన భూమికి 6,371. ఇక్కడ కక్ష్యలో నిలవాలంటే సెకనుకు 7.8 కిలోమీటర్ల వేగం కావాలి. అక్కడ సుమారు 2.3 చాలు.

"యిది శాస్త్రం కాదురా, బొమ్మలాట. కాలం తగలెయ్యకు" అన్నాను. మర్నాటినుంచి వాడు కంప్యూటరు మూసేశాడు. నాతో మాటలూ మానేశాడు.

రెండు వారాలు యిల్లు బోసిపోయింది. జనవరి 12న ఆ ఉపగ్రహాలు మూడు మీటర్ల దాకా దగ్గరై, మళ్ళీ వెనక్కు జరిగాయని వార్త వచ్చింది. అదే సందుగా వాణ్ణి పలకరించాను: "ఒకే కక్ష్యలో ముందు దూరంగా పోతున్నదాన్ని అందుకోవాలంటే యేం చెయ్యాలిరా?"

"వేగం తగ్గించాలి. తగ్గితే కిందికి దిగుతుంది. కింద చుట్టు త్వరగా పూర్తవుతుంది. తరిమితే పైకి పోయి వెనకబడతాం. నేను యిరవైసార్లు తప్పాను తాతా."

నేను నిర్ఘాంతపోయాను. 1965లో జెమిని-4 నడిపిన మెక్‌డివిట్, తమను మోసుకువచ్చిన రాకెట్టు ముక్కను తరిమి తరిమి, ఇంధనం వృథా అవుతుంటే విరమించుకోవలసి వచ్చింది. నల్లబల్ల మీద నేను సూత్రం రాసినప్పుడు యే పిల్లవాడూ యింత స్పష్టంగా చెప్పలేదు.

1984లో వచ్చిన ఎలైట్ అనే ఆటలో ఆకాశనౌక విమానంలా తిరిగేది. 1993లో దాని తరువాతి భాగంలో న్యూటను సూత్రాలు పెట్టారు. నౌకలు ఒకదాన్నొకటి దాటిపోతూ, పోట్లాట చాలామందికి కొరుకుడు పడలేదు. నిజం యెక్కువైతే ఆట నిలవదు. బొత్తిగా లేకపోతే ఆడి లాభం లేదు. కెర్బల్ వాళ్ళు గ్రహాన్ని కుదించారు గాని, నేలమీద దాని ఆకర్షణను మనదానితో సమంగా వుంచారు. కొలత తగ్గించారు, నియమం వదల్లేదు. నేను మాత్రం నిజమంతా ఒక్కసారే పిల్లల నెత్తిన కుమ్మరించాను.

జనవరి 16, ముక్కనుమ నాడు ఉపగ్రహాలు కలిశాయి. "పదిహేడు రోజులు! ఆటలో కాలాన్ని పరుగెత్తిస్తాము, యీ యెదురుచూపు వుండదు తాతా" అన్నాడు వాడు.

ఆ సాయంత్రం వాడి పక్కన కూర్చుని నేనూ ఒక రాకెట్టు వదిలాను. తిన్నగా వెళ్ళి సముద్రంలో పడింది.

"ఫరవాలేదు తాతా, మళ్ళీ చెయ్యి" అన్నాడు.

ముప్పయ్యేళ్ళ కొలువులో ఆ మాట నేను యెంతమంది పిల్లలతో అన్నానా అని ఆలోచిస్తున్నాను.