మూగ పేటిక

పాతకాలపు హార్డ్ డిస్కు చెడిపోయే ముందు చాలాసార్లు టకటకమని చప్పుడు చేసేది. లోపల తిరిగే పళ్లెము, దానిపై కదలాడే చేయి ఉండడంవలన దాని రోగం చెవికి వినబడేది. నేటి లాప్‌టాప్‌లలో ఆ స్థానాన్ని ఆక్రమించిన ఎస్.ఎస్.డి.లో కదిలే అంగమంటూ ఒక్కటీ లేదు. కనుక దానికి మూలుగు కూడ లేదు. మా ఉర్దూ శాఖ మిత్రులొకరు దీనికి ‘బేజుబాన్’ అని పేరు పెట్టారు. నోరులేనిదని అర్థం. తెలుగులో అంత చక్కని పేరు మాకు తోచలేదు.

గత వేసవిలో మా తెలుగు శాఖ లాప్‌టాప్ ఇట్లే మౌనంగా జబ్బుపడింది. ఉన్న ఫైళ్లు తెరుచుకొంటున్నవి. కొత్తగా వ్రాసినది మాత్రం నిలవడం లేదు. మా విద్యార్థులు పల్లెలు తిరిగి, వృద్ధ రైతులచేత చెప్పించి రికార్డు చేసిన మోట పాటలు, మాటలు అందులోనే ఉన్నవి. తెలంగాణలో మోట అనేదే రాయలసీమలో కపిల. తొండం, మోకు, గిలక మొదలైన పదాలు వాడినవారి నోటనే వినవలె. విద్యుత్తు పంపులు వచ్చి ఆ పని మరుగునపడింది. చెప్పినవారిలో ఇద్దరు ఇప్పుడు లేరు. చివరి విడత రికార్డులు ఆ వారమే ఫోనులనుండి లాప్‌టాప్‌లోకి చేరినవి. ఫోనులలో చోటు చాలక విద్యార్థులు వాటిని అక్కడ తుడిచివేశారు కూడ.

దుకాణదారు చూచి, “ఫార్మాట్ చేస్తే సరిపోతుంది సార్” అన్నాడు. మేము అంగీకరించలేదు. కారణం ఈ వస్తువు స్వభావంలోనే ఉన్నది. జపానులో తోషిబా సంస్థలో పనిచేసిన ఫుజియో మసువోకా 1980ల దశకంలో రూపొందించిన ఫ్లాష్ మెమరీయే దీనికి మూలం. అతి సూక్ష్మమైన గదులలో ఎలక్ట్రానులను బంధించి ఉంచడమే ఇందులో వ్రాత. వ్రాసి తుడిచిన ప్రతిసారీ గదికి కాపుగా ఉన్న ఆక్సైడు పొర కొంత దెబ్బతింటుంది. గదికి మూడు బిట్లు నింపే రకం సాధారణంగా 1,000 నుండి 3,000 పర్యాయాలు మాత్రమే దీనిని ఓర్చుకొంటుంది. చదవడంవలన కలిగే అరుగుదల బహు స్వల్పం. అందుచేతనే కొన్ని డ్రైవులు అవసానదశలో వ్రాతను నిరాకరించి చదవనిస్తాయి. అన్నీ అలా చేయవు సుమా! లోపలి కంట్రోలర్ చెడితే ఒక ఉదయం డ్రైవే కనబడదు. దొరికిన గడువులో మరమ్మతు ప్రయోగాలు చేయడం ఇల్లు కాలుతుండగా సున్నం వేయించడం వంటిది.

ముందుగా ఏది కాపాడవలెనన్నదానిపై చిన్న వాదమే జరిగింది. మార్కుల పట్టికలని ఒకరన్నారు. అవి కాగితంపై ఉన్నవి. ప్రశ్నపత్రాలని మరొకరన్నారు. అవి మళ్లీ తయారు చేసుకొనవచ్చు. గతించినవారి గొంతులను ముందు కాపీ చేయించాము, తరువాత తక్కిన రికార్డులను. అటుపిమ్మట కంప్యూటర్ విభాగం విద్యార్థి ఒకడు లాప్‌టాప్‌ను పెన్‌డ్రైవులోని లినక్సుతో నడిపి, డిడిరెస్క్యూ అనే ప్రోగ్రాముతో మొత్తం డ్రైవును మరొక డిస్కులోకి ఎత్తాడు. అది సులభంగా వచ్చే భాగాలను ముందు తీసికొని, మొండికెత్తిన చోట్లకు తరువాత తిరిగి వస్తుంది. పాఠం చెప్పేవారికి కూడ పనికివచ్చే పద్ధతి!

కమిటీ పెద్దలకు ఒక్క మనవి. ఈ సంవత్సరం శాఖకు రెండు బయటి హార్డ్ డిస్కులు మంజూరు చేయగోరుతున్నాము. ఒకటి శాఖలో, రెండవది గ్రంథాలయంలో ఉంటుంది. ఎస్.ఎస్.డి. వద్దనడానికి కారణమున్నది. బాగా అరిగిన ఎస్.ఎస్.డి.ని కరెంటు తగలకుండ బీరువాలో పెడితే, గదులలోని ఎలక్ట్రానులు మెల్లమెల్లగా జారిపోతాయి. మన ఎండలలో అది మరింత త్వరగా జరుగుతుంది.

రెండు ఫైళ్లు తప్ప అన్నీ దక్కినవి. పోయినవాటిలో ఒకటి కీర్తిశేషుడైన ఒక రైతు పాడిన మోట పాట రెండవ సగం. ఆయన చెల్లెలికి కొన్ని చరణాలు గుర్తున్నవట. ఇద్దరు విద్యార్థినులు రానున్న సెలవులలో ఆ ఊరికి వెళ్లనున్నారు.