తవ్వని బొగ్గు కూడా విరాసతే

మనవాళ్లలో ఎవరైనా ఇంతెఖాల్ అయితే నలభై రోజులు కాకముందే ఒక మాట మొదలవుతుంది. ఏం వదిలిపోయాడు? ఇల్లెంత, జమీనెంత, ఎవరి హిస్సా ఎంత? విరాసత్ అంటే మనకు పంచుకునేదే.

2025 సెప్టెంబర్ 16న హాలీవుడ్ నటుడు రాబర్ట్ రెడ్‌ఫోర్డ్ 89 ఏళ్ల వయసులో పోయాడన్న ఖబర్ చదివినప్పుడు నాకూ ఈ ప్రశ్నే తట్టింది. అందరూ ఆయన సినిమాల గురించి, ఆస్కార్ గురించి, సన్‌డాన్స్ గురించి రాశారు. నా మనసు మాత్రం ఆయన అడ్డుపడటం వల్ల కట్టకుండా పోయిన ఒక కరెంటు ప్లాంటు దగ్గర ఆగింది.

రెడ్‌ఫోర్డ్ కాలిఫోర్నియాలో పుట్టాడు. వాళ్ల అబ్బా ఇంటింటికీ పాలు పోసేవాడు. 1960ల్లో యూటా రాష్ట్రపు కొండల్లో కొంత జమీన్ కొని అక్కడే ఇల్లు కట్టుకున్నాడు. ఆ రాష్ట్రానికి దక్షిణాన కైపరోవిట్స్ అనే పీఠభూమి ఉంది. దాని కింద లెక్కలేనంత బొగ్గు. 1970ల్లో కరెంటు కంపెనీలు అక్కడ 3,000 మెగావాట్ల బొగ్గు ప్లాంటు పెట్టాలనుకున్నాయి. చుట్టుపక్కల అన్నీ నేషనల్ పార్కులే. పొగ వాటి మీద కమ్ముకుంటుందని రెడ్‌ఫోర్డ్ ఎదురు తిరిగాడు. తన షోహ్రత్‌ని వాడి టీవీ వాళ్లని అక్కడికి రప్పించాడు. పర్యావరణ సంఘాల పోరాటం, అనుమతుల ఆలస్యం, పెరిగిపోతున్న ఖర్చు అన్నీ కలిసి 1976లో కంపెనీలు వెనక్కి తగ్గాయి.

అదే ఏడాది కనాబ్ అనే చిన్న ఊళ్లో జనం రెడ్‌ఫోర్డ్ దిష్టిబొమ్మను తగలబెట్టారు.

నేను ఆ జనాన్ని తప్పుపట్టలేను. ప్లాంటు వస్తే నౌకరీ వస్తుందని, పిల్లలు ఊరు విడిచి పోనక్కర్లేదని ఆశపడ్డవాళ్లు. రోజీరోటీ పోయిందన్న కోపం ఝూట్ కాదు. పైసలున్న హీరో కొండలు అందంగా ఉన్నాయనడం ఆసాన్, కూలికి పోయేవాడికి ముష్కిల్.

అయినా ఆ జమీన్ ఎవరిది? యూటాలో మూడింట రెండొంతులకు దగ్గరగా ఫెడరల్ సర్కారు చేతిలోని భూమే. మా బేటీని అడిగితే "సర్కారీ జమీన్ అంటే ఎవరిదీ కాదు కదా అబ్బా" అంది. దాని తప్పు కాదు. మన దగ్గర ఎవరిదీ కాని జమీన్ అంటే ఖబ్జా చేయడానికి దొరికిందని అర్థం. నేను వక్ఫ్ జమీన్‌తో పోల్చి చెప్పాను. అమ్మకూడదు, హిబా చేయకూడదు, వారసులు పంచుకోకూడదు. ఇంకా పుట్టనివాళ్లకి కూడా అందులో హక్కుంటుంది. "మరి దాన్ని కూడా కబళిస్తున్నారుగా" అంది. జవాబు వెంటనే దొరకలేదు.

రెడ్‌ఫోర్డ్ కథలోనూ అదే జరిగింది. 1996 సెప్టెంబర్‌లో క్లింటన్ ఆ పీఠభూమితో సహా దాదాపు 17 లక్షల ఎకరాలను గ్రాండ్ స్టెయిర్‌కేస్ ఎస్కలాంటే పేరుతో నేషనల్ మాన్యుమెంట్‌గా ప్రకటించాడు. ఆ ప్రకటన చేసిన చోట రెడ్‌ఫోర్డ్ కూడా ఉన్నాడు. 2017లో ట్రంప్ ఒక్క దస్తఖత్‌తో దాన్ని దాదాపు సగానికి కుదించాడు. ఆదివాసీ తెగలు అడిగి సాధించుకున్న పక్కనే ఉన్న బేర్స్ ఇయర్స్‌ని అంతకన్నా ఎక్కువే కోశాడు. 2021లో బైడెన్ రెండింటినీ తిరిగి ఇచ్చాడు. అంటే ఒకసారి గెలిస్తే పని ఖతం కాదు. అమానత్‌ని ప్రతి తరం మళ్లీ కాపలా కాయాల్సిందే.

ఇదంతా ఇప్పుడు నాకెందుకంటే, ఊళ్లో అబ్బాజాన్ వదిలిన అర ఎకరం చింతతోపుని ప్లాట్లు వేద్దామని భాయీజాన్ అంటున్నారు. ఆయనకీ జరూరత్ ఉంది, ఇంట్లో బిడ్డ నికాహ్ ఉంది. కాగితం ప్రకారం అది మా అన్నదమ్ములదే. కానీ ఎండాకాలం బడి పిల్లలు, మేకలవాళ్లు, బస్సు కోసం నిలబడ్డ ఆడవాళ్లు, అందరూ ఆ నీడలోనే కూర్చుంటారు. వాళ్లెవరి పేరూ ఇంతవరకూ ఏ కాగితంలోనూ లేదు.

నికాహ్ ఖర్చులో నా వంతు ఇంకో దారిలో ఇస్తానని, చెట్ల జోలికి మాత్రం పోవద్దని భాయీజాన్‌కి చెప్పాను. ఆయన ఇంకా జవాబు ఇవ్వలేదు. కోపంగానే ఉన్నారు. ఆ కోపానికి కూడా హక్కుంది.