గాలి ఏడు పౌండ్లు, దారి 56 కిలోమీటర్లు

పాత జపాన్ బండి షాకప్‌లో గాలి సరిచూసుకుంటూ దోర్నపాల్ వెళితే చివరికి అర్థమయ్యేది బండి సంగతి కాదు, దారి సంగతి

భద్రాచలం పెట్రోలు బంకులో గాలి గొట్టం పట్టుకుని వచ్చిన కుర్రాణ్ని మిత్రుడు చేయి అడ్డుపెట్టి ఆపాడు. టైర్లకు కొట్టు గానీ, హ్యాండిల్ కింద ఉన్న ఆ రెండు మూతల జోలికి మాత్రం వెళ్లొద్దన్నాడు. 1980ల తొలినాళ్ల జపాన్ మోటార్ సైకిల్ అది. ముందు షాకప్‌ల నెత్తిన, టైరుకు ఉన్నట్టే, చెరో వాల్వు ఉంది. కుర్రాడు తికమకపడడంలో తప్పులేదు. మన దేశంలో తయారై మన ఊళ్లలో తిరిగిన బుల్లెట్‌కు గానీ, రాజ్‌దూత్‌కు గానీ, హీరో హోండాకు గానీ ఇలాంటి ఏర్పాటు లేదు.

షాకప్ పనితనమంతా మూడింటి మీదే నడుస్తుంది: స్ప్రింగు, ఆయిలు, ఆయిలు పైన చిక్కుకుపోయిన గాలి. స్ప్రింగు బరువు మోస్తుంది. ఆయిలు సన్నటి రంధ్రాల్లోంచి దూరుతూ ఊపును అణుస్తుంది. గాలి చేసేది రెండో స్ప్రింగు పని. గొట్టం లోపలికి దిగేకొద్దీ గాలికి చోటు తగ్గుతుంది. చోటు సగమైతే పీడనం రెట్టింపవుతుంది. అంటే చిన్న గుంతకు మెత్తగా, పెద్ద గుంతకు గట్టిగా ఉంటుందన్నమాట. మామూలు బుల్లెట్‌లోనూ జరిగేది ఇదే. 1970ల చివర జపాన్ కంపెనీలు చేసిందల్లా ఆ గాలిని పెంచుకునే, తగ్గించుకునే వీలు నడిపేవాడి చేతికివ్వడం. 1980లో వచ్చిన హోండా గోల్డ్‌వింగ్ జీఎల్1100కైతే ముందూ వెనకా రెండు చోట్లా ఆ సదుపాయం పెట్టారు.

మా మిత్రుడు తన బండికి పెట్టుకున్న లెక్క ఏడు పౌండ్లు. టైరులో పట్టేదానితో పోలిస్తే ఇది ఏ మూలకు? లోపల గాలికి ఉన్న చోటు ఒకటి రెండు టీ గ్లాసులకు మించదు. బంకు కంప్రెసర్ ఒక్క క్షణం తగిలితే సీళ్లు దెబ్బతిని ఆయిలు బయటికొస్తుంది. అందుకే చేతి పంపు. అదీ బండిని సెంటర్ స్టాండు మీద నిలబెట్టి, ముందు చక్రం నేలకు తగలకుండా, షాకప్ పూర్తిగా సాగి ఉన్నప్పుడే కొట్టాలి. మీటరు పెట్టి చూస్తే ఆ చూడడంలోనే కొంత గాలి పోతుంది. రెండు గొట్టాలనూ కలిపే పైపు లేని బళ్లలో రెండు వైపులా సమానంగా ఉందో లేదో విడివిడిగా చూసుకోవాలి. ఎండ కూడా లెక్కలోకి వస్తుంది. పొద్దున్నే 25 డిగ్రీల దగ్గర ఏడు పౌండ్లు పెట్టిన షాకప్, మధ్యాహ్నానికి 45 డిగ్రీలకు వేడెక్కితే దాదాపు ఎనిమిదిన్నర చూపిస్తుంది.

ఈ ముచ్చట్లతోనే చింతూరు, కోంట దాటాం. విజయవాడ పక్కనున్న ఇబ్రహీంపట్నాన్ని జగదల్‌పూర్, రాయపూర్ మీదుగా ఉత్తరాఖండ్‌తో కలిపే 30వ నంబరు జాతీయ రహదారి ఇది. పాతవాళ్లకు ఇప్పటికీ 221 అంటేనే గుర్తు. కోంట దాటాక కుడివైపున శబరి నది. అవతలి ఒడ్డు ఒడిశాలోని మల్కన్‌గిరి జిల్లా. కోంట బజారులో తెలుగు మాట వినిపిస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు. పైకి వెళ్లేకొద్దీ అందులో కోయ, హల్బీ, హిందీ కలుస్తాయి. దారి పక్కన ఇప్పపువ్వు ఎండుతోంది.

కోంటకూ సుక్మాకూ దాదాపు నడిమధ్యన ఉంటుంది దోర్నపాల్. చూడ్డానికి రోడ్డు పక్కన పెరిగిన చిన్న బజారు. కానీ ఇక్కడి నుంచి పడమటికి ఒక దారి చీలుతుంది. హిందీ పత్రికలు జగర్‌గుండా అనీ, మన పత్రికలు జేగురుగొండ అనీ రాసే ఊరికి 56 కిలోమీటర్లు. దోర్నపాల్‌కు పేరు తెచ్చిందీ, ఆ పేరు వినగానే మనుషులు ఉలిక్కిపడేలా చేసిందీ ఆ దారే.

బజారులో మెకానిక్ షెడ్డు ముందు ఆగాం. మెకానిక్ ఆ వాల్వులను ఆసక్తిగా చూశాడు. ఆయన దగ్గర విప్పి పెట్టిన షాకప్‌లన్నీ స్ప్రింగూ ఆయిలువే. వాటి జబ్బు కూడా ఒక్కటే. ఎర్రమట్టి ధూళి గొట్టానికి పట్టుకుంటుంది, కదిలినప్పుడల్లా సీలును గీకుతుంది. ఆయిలు కారి ముందు బ్రేకు డ్రమ్ములోకి చేరితే బ్రేకు కూడా పోతుంది. పైన తొడిగే రబ్బరు బూటు చిరగకుండా చూసుకుంటే సగం ఖర్చు తప్పుతుంది. ఇక్కడి బండి మీద ఒక్కడే వెళ్లేది అరుదు. ఇద్దరు ముగ్గురు మనుషులు, వాళ్ల మధ్య ఒక బియ్యం బస్తా. గాలి పౌండ్లలో కొలుచుకునే తీరిక ఎవరికుంది?

మోటార్ సైకిల్ ఇక్కడ సరదా వాహనం కాదనడానికి చరిత్రే సాక్ష్యం. 2005లో సల్వాజుడుం మొదలయ్యాక లోపలి ఊళ్ల జనం వేల సంఖ్యలో దోర్నపాల్ శిబిరానికి చేరారు. ఇంకెందరో సరిహద్దు దాటి అప్పటి ఖమ్మం జిల్లా అడవులకు వలస వచ్చారు. అక్కడ వాళ్లకు గుత్తికోయలని పేరు. ఆదివాసీ యువకులను ప్రత్యేక పోలీసు అధికారులుగా పెట్టి ఆయుధాలివ్వడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2011 జులై 5న తేల్చింది. ఈలోగా దారి తెగిపోయింది. రోడ్డును ఎక్కడికక్కడ తవ్వేశారు, మందుపాతరలు పెట్టారు. జేగురుగొండకు రేషన్ సరుకులు కూడా బలగాల కాపలా మధ్య లారీల వరసగా వెళ్లాల్సి వచ్చింది.

2010 ఏప్రిల్ 6న ఈ దారికి దగ్గర్లోనే తాడిమెట్ల వద్ద 76 మంది భద్రతా సిబ్బంది చనిపోయారు. నాలుగు చక్రాల బండి అంటే మందుపాతరకు తేలిగ్గా దొరికే గురి. అందుకే బలగాలు కూడా కాలినడకకో మోటార్ సైకిళ్లకో మారాయి. గాయపడినవాణ్ని తీసుకురావడానికీ మోటార్ సైకిలే దిక్కయింది. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350కు రోగిని కట్టి కూర్చోబెట్టే సీటు, తల కదలకుండా పట్టే అమరిక బిగించి 'రక్షిత' అనే అంబులెన్సును డీఆర్‌డీఓ 2021 జనవరి 18న సీఆర్‌పీఎఫ్‌కు అప్పగించింది. వెన్ను దెబ్బతిన్నవాణ్ని కూర్చోబెట్టి తెస్తున్నప్పుడు, ముందు చక్రం గుంతలో ఎంత మెత్తగా దిగిందన్నది సౌఖ్యం లెక్క కాదు.

మర్నాడు పొద్దున్నే మిత్రుడు చక్రం పైకెత్తి గాలి చూశాడు. ఏడుంది. దారి బాగుండదనుకుని పదికి పెంచాడు. పోలంపల్లి దాటేసరికి ఆ లెక్క తప్పని తెలిసింది. ఇప్పుడది సిమెంటు రోడ్డు. మట్టి దారిలో పాతర పెట్టినంత తేలిక కాదు కాంక్రీటు కింద పెట్టడం. పది పౌండ్ల గాలితో బండి చిన్న అతుకులకే ఎగిరి పడుతోంది. ఆగి, వాల్వు నొక్కి, కాస్త గాలి వదిలాడు.

చింతగుఫా తర్వాత బుర్కాపాల్ దగ్గర వేగం తగ్గించాడు. ఎదురుగా గుంత లేదు. ఈ రోడ్డు పనికి కాపలా కాస్తూ 2017 ఏప్రిల్ 24న 25 మంది సీఆర్‌పీఎఫ్ జవాన్లు చనిపోయిన చోటది. ఇళ్లు కాలిపోయినవాళ్లు, అడవి దాటి పోయినవాళ్లు, ఎవరి తుపాకికో బలైన ఊరివాళ్లు ఆ పాతిక మందిలో లేరు. రోడ్డు నున్నగా ఉంది. దాని ఖరీదును కిలోమీటర్ల లెక్కన చెప్పలేం.

తిరిగొచ్చేటప్పుడు ఒక చోట అడవిలోంచి కాలిబాట వచ్చి సిమెంటు రోడ్డులో కలుస్తోంది. ఆ బాట మీంచి ఒక మోటార్ సైకిల్ వచ్చింది. నడిపే కుర్రాడికీ, వెనక కూర్చున్న ఆడమనిషికీ మధ్య ఒక ముసలమ్మ. తల కుర్రాడి వీపు మీద వాల్చేసింది. మట్టి అంచు నుంచి సిమెంటు మీదికి ఎక్కేటప్పుడు బండి ముందు భాగం పూర్తిగా కిందికి దిగి టక్కుమంది. ముసలమ్మ ఒక్కసారి కళ్లు తెరిచి మళ్లీ మూసుకుంది. కుర్రాడు దోర్నపాల్ వైపు తిప్పి వేగం పెంచాడు. రోడ్డు దాకా రావడమే కష్టం. ఇక కుదుపు ఉండదని అతనికి తెలుసు.