ఉద్దానం దారిలో ఒక ఉత్తరం

ఫజ్ర్ నమాజు ముగించుకొని విజయనగరం స్టేషనులో ఇచ్ఛాపురం వైపు వెళ్లే రైలెక్కాము. చీపురుపల్లి, పొందూరు దాటిన తరువాత ఆమదాలవలస వచ్చింది. మేము పుట్టి పెరిగిన శ్రీకాకుళం పట్టణానికి వెళ్లేవారు అక్కడే దిగుతారు. ఈసారి మేము దిగలేదు. మా ప్రయాణం ఇంకా ఉత్తరానికి, ఉద్దానానికి. ఇరవై ఏళ్లకు పైగా వాయిదా వేస్తూ వచ్చిన ప్రయాణమది.

అంతకు ముందే నాగావళి వంతెన మీద బాల్యం గుర్తుకు వచ్చింది. శ్రీకాకుళంలో మా ఇల్లు జామియా మసీదుకు దగ్గర. 1641లో షేర్ ముహమ్మద్ ఖాన్ కట్టించిన మసీదు అది. మా మిత్రుడు ఉద్దానం రైతు బిడ్డ. హిందూ కుటుంబం. చదువు కోసం మా పక్కింట్లోని మేనమామ దగ్గర ఉండేవాడు. మేము అస్ర్ నమాజుకు వెళితే మెట్ల దగ్గర మా చెప్పులకు కాపలా కూర్చునేవాడు. బయటికి రాగానే ఇద్దరమూ నదికి పరుగెత్తేవాళ్లం. సెలవులకు ఊరు వెళ్లి వచ్చినప్పుడల్లా జీడిపప్పు, పనసతొనలు తెచ్చి మా అమ్మ చేతికిచ్చేవాడు. "మా ఊరి నూతి నీరు తాగితే మీ నాగావళి నీరు నోట పెట్టవురా" అని గొప్పలు చెప్పేవాడు.

పదో తరగతి అయిన తరువాత అతడు తండ్రి తోటకు తిరిగి వెళ్లాడు. మేము ధార్మిక విద్య కోసం దూరప్రాంతానికి వెళ్లాము. ఉత్తరాలు మాత్రం ఆగలేదు. మేము బోధన మొదలుపెట్టిన కొన్నాళ్లకు అతని నుండి ఒక ఉత్తరం వచ్చింది. కాళ్లు పొంగుతున్నాయని, అన్నం సహించడం లేదని, నాలుగు చెట్లకు నీరు పెట్టేసరికి ఆయాసం వస్తున్నదని రాశాడు. మేము రెండు పేజీల జవాబు రాశాము. హజ్రత్ అయ్యూబ్ (అలైహిస్సలాం) సహనం గురించి వివరంగా రాశాము. వైద్యునికి చూపించుకొమ్మని ఒక్క మాట రాయలేదు. ఏడాది తిరగకముందే అతడు చనిపోయాడని కబురు వచ్చింది. అప్పటికి అతనికి ముప్పై రెండేళ్లు.

నౌపడ దగ్గర ఉప్పు మడులు, పలాస దాటాక జీడితోటలు, దూరంగా మహేంద్రగిరి. ఉద్యానవనమే ఉద్దానమైందని పెద్దలు చెబుతారు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను ఈ తోటలను నేలమట్టం చేసింది. పడిపోయిన కొబ్బరిచెట్ల స్థానంలో మళ్లీ మొక్కలు నాటారు. కానీ అంతకు ఎంతో ముందు నుంచే ఈ నేలను మరో ఆపద పట్టి పీడిస్తున్నది. అది మూత్రపిండాల వ్యాధి. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో అది ఎన్నో ఇళ్లను ఖాళీ చేసింది. మధుమేహం, రక్తపోటు లేని కష్టజీవులకు కూడా వస్తుంది. చాలాకాలం ఏ బాధా కనిపించదు. కాళ్లు పొంగే నాటికి మూత్రపిండాలు చాలావరకు పాడైపోయి ఉంటాయి. శ్రీలంకలోనూ, మధ్య అమెరికా దేశాల్లోనూ పొలం పనివారిలో ఇటువంటి వ్యాధే ఉన్నది. ఇన్నేళ్ల పరిశోధన తరువాత కూడా ఉద్దానంలో దీనికి ఫలానాదే కారణమని తేలలేదు.

మిత్రుని తల్లి ఇంకా ఉన్నారు. మమ్మల్ని గుర్తుపట్టి, అరుగు మీద చాప వేసి, కొబ్బరిబొండం కొట్టించి ఇచ్చారు. తరువాత లోపలికి వెళ్లి ట్రంకుపెట్టెలో నుండి ఒక కాగితం తెచ్చారు. అది మేము రాసిన జవాబే.

"నువ్వు రాసిన కాయితం, బాబూ. తలగడ కింద ఎట్టుకునేవోడు. చదివించుకుని దైర్నంగా ఉండేవోడు" అన్నారామె.

ఆమె కృతజ్ఞతతో చెప్పిన మాటకు మేము తల ఎత్తలేకపోయాము. "అమ్మా, అందులో ఒక మాట రాయవలసి ఉండింది. రాయలేదు" అన్నాము. ఆమెకు అర్థమైందో లేదో. "ఆడికి నువ్వంటే పేనం, బాబూ" అని మా భుజం తట్టారు.

ప్రియ పాఠకులారా! వైద్యం చేయించుకోవాలా అని అడిగినవారికి చేయించుకొమ్మనే దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) చెప్పారు. ఆ హదీసును మేము అప్పటికే ఎన్నోసార్లు పాఠంగా చెప్పి ఉన్నాము. అవసరమైన రోజున అది మా కలానికి అందలేదు. వైద్యం చేయించుకుంటూ ఓర్చుకోవడమే సబ్ర్. వైద్యం మాని ఓర్చుకొమ్మని ధర్మం చెప్పలేదు.

మిత్రుని కుమారుడు పలాసలో జీడిపప్పు పరిశ్రమలో పని చేస్తున్నాడు. ఆరునెలలకొకసారి రక్తంలో క్రియాటినిన్ పరీక్ష చేయించుకుంటున్నాడు. ఒళ్లునొప్పులకు సొంతంగా మాత్రలు మింగడం మానేశాడు. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆసుపత్రి, మూత్రపిండాల పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. హిరమండలం జలాశయం నుండి వంశధార నీటిని ఈ గ్రామాలకు తెచ్చే పథకమూ అప్పుడే మొదలైంది. మా మిత్రుని కాలంలో ఇవేవీ లేవు. కానీ ఒక మంచి మాట చెప్పడానికి ఆసుపత్రి ఉండనవసరం లేదు.

తల్లి మరణించిన తరువాత ఆమె పేరిట ఏ దానం శ్రేష్ఠమని సాద్ బిన్ ఉబాదా (రజియల్లాహు అన్హు) అడిగినప్పుడు, నీరు అని దైవప్రవక్త సమాధానమిచ్చారు. ఆయన బావి తవ్వించారు. తిరిగి వచ్చిన తరువాత మా మద్రసా విద్యార్థులకు ఈ హదీసు చెప్పాము. దానితోపాటు మా ఉత్తరం సంగతి కూడా చెప్పాము. మీ ఇంట్లోనో, పొరుగింట్లోనో ఎండలో పని చేసి వచ్చేవారుంటే ముందు మంచినీళ్లు ఇవ్వండి, పరీక్ష చేయించుకొమ్మని చెప్పండి, ఒంటరిగా వెళ్లలేకపోతే వెంట వెళ్లండి అన్నాము.

ఆ తల్లికి ఊరట, ఆ ఇంటి బిడ్డలకు దీర్ఘాయువు ప్రసాదించమని అల్లాహ్‌ను వేడుకుంటున్నాము. మా లోపాన్ని ఆయన మన్నించుగాక. ఆమీన్.