తాళాలగుత్తి ఎవరి చేతికి?

రండి, కూర్చోండి, కాఫీ పెడుతున్నారు. ఈలోగా ఒక మాట అడగనా? మీ ఇంట్లో పిల్లలు మైన్‌క్రాఫ్ట్ ఆడతారు కదా, రాత్రుళ్లు మేల్కొని వాళ్లు కట్టే ఆ కోటలన్నీ ఏ కంప్యూటర్లో ఉంటాయో ఎప్పుడైనా ఆరా తీశారా?

మా మేనల్లుడి జట్టులో సగంమంది చదువులకని పాండిచ్చేరి వచ్చినవాళ్లు, సగంమంది యానాంలోనే ఉండిపోయినవాళ్లు. పేరుకి ఒకే కేంద్రపాలిత ప్రాంతం, మధ్యన సుమారు 800 కిలోమీటర్ల రోడ్డు! వీళ్లంతా కలుసుకునేది ఆ ఆటలోనే. ఓ పాత కంప్యూటర్లో లైనక్స్ ఎక్కించి, మావాడి గదిలో సర్వర్ పెట్టుకున్నారు. పాస్‌వర్డ్ తెలిసినవాడు పండక్కి ఊరెళితే ఆట బంద్. పోనీ అందరికీ చెప్పేద్దామంటే, ఎవడి చెయ్యి తగిలి ఏం చెరిగిపోతుందోనని భయం.

ఆ చిక్కు తీర్చింది ఆటల సర్వర్లు నడిపేందుకు వాడే టెరోడాక్టిల్ అనే ఉచిత ప్యానెల్. 2015 నాటి ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు, ఎంఐటీ లైసెన్సు. బ్రౌజర్లో మనకి కనబడేది ప్యానెల్, పీహెచ్‌పీలో రాశారు. ఆట నడిచే యంత్రంలో కూర్చుని చాకిరీ చేసేది వింగ్స్, అది గో భాషలో ఉంటుంది. ఒక్కో ఆటా ఒక్కో డాకర్ కంటైనర్లో నడుస్తుంది. ఒకటి మెమరీకి ఎగబడితే దాని హద్దు దగ్గర అదే ఆగుతుంది, పక్కది హాయిగా సాగిపోతుంది.

ఇవన్నీ సరే, నాకు ముచ్చటేసింది సబ్‌యూజర్ల ఏర్పాటు. ఒకడికి స్టార్ట్, స్టాప్ బటన్లు మాత్రమే. ఇంకొకడు కన్సోల్ చూడొచ్చు కానీ ఫైళ్లు ముట్టకూడదు. బ్యాకప్‌ల పని మరొకడిది. మా అత్తగారు తాళాలగుత్తి నడిపింది అచ్చం ఇలాగే: వంటింటిది నాకిచ్చారు, బీరువాది మాత్రం బొడ్లోంచి కదల్లేదు!

అయితే ప్యానెల్ చేతిలో లేనివీ ఉన్నాయి. చాలా ఇంటర్నెట్ కంపెనీలు ఒకే పబ్లిక్ ఐపీని ఎన్నో ఇళ్లకి పంచేస్తాయి. మీ రౌటర్‌కి వచ్చిన చిరునామా 100.64 అని మొదలైందంటే, మీరు ఆట వాడే 25565 పోర్టు ఎంత తెరిచినా యానాం కుర్రాడు లోపలికి రాలేడు. డబ్బు కట్టి స్టాటిక్ ఐపీ తీసుకోవాలి, లేదా అద్దె సర్వర్ మీదుగా వైర్‌గార్డ్ దారి వేసుకోవాలి. మావాళ్లు రెండోది చేశారు, చవకని.

ఇక కరెంటు, వాన. 2024 నవంబరు 30 రాత్రి ఫెంగల్ తుఫాను పాండిచ్చేరి దగ్గరే తీరం దాటింది, వీధులు చెరువులయ్యాయి. అలాంటి ఊళ్లో సర్వర్‌ని నేలమీద పెట్టేవాణ్ణి ఏమనాలి? పైగా వింగ్స్ మామూలుగా బ్యాకప్‌లు కూడా అదే యంత్రంలో దాస్తుంది. ఎస్3 తరహా బయటి నిల్వకి పంపమని మనమే చెప్పాలి. పెట్టె మునిగితే కోటా, దాని నకలూ కలిసే పోతాయి మరి.

ఇప్పుడు వాళ్ల బ్యాకప్‌లు రోజూ యానాం చేరుతున్నాయి, ఒక స్నేహితుడి ఇంటి కంప్యూటర్‌కి. "అక్కడ గోదావరి వరదొస్తే?" అన్నాను. "రెండూళ్లూ ఒకే రోజు మునగవులే అత్తా," అని మళ్లీ ఆటలో పడ్డాడు. ఇదిగో, కాఫీ వచ్చింది.