సెప్టెంబర్ 13

మా దిక్కు క్యాంపు అంటే ఒకటే మతలబు. దుబాయ్ క్యాంపు, షార్జా క్యాంపు, దమ్మామ్ క్యాంపు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలో ఏ గల్లీలో అడిగినా చెప్తారు: రూముకు ఎనిమిది మంది, మంచం మీద మంచం, ఇంకా చీకటి ఉండగానే కంపెనీ బస్సు. మా దుల్హాభాయ్ పదహారేళ్లు అట్లాంటి క్యాంపుల్లోనే గడిపాడు. అందుకే మ్యూనిక్‌లో మా భాంజా "అమ్మీ, రేపు మామూ క్యాంపు చూస్తానంటున్నడు" అన్నప్పుడు ఆపా ముఖం అదోలా పెట్టింది.

"క్యాంపుల చూసేదేముంటది? మీ అబ్బా ఉన్నది సరిపోలేదా?"

మా పుట్టిల్లు కోరుట్ల. ఆపా ససురాల్ సిరిసిల్ల. నా నౌకరీ, సంసారం జగిత్యాల. ఆపా బీడీలు చుట్టింది, దుల్హాభాయ్ దిర్హాములు పంపాడు, కొడుకు ఇంజినీరింగ్ చదివి, జర్మనీలో ఎమ్మెస్ చేసి అక్కడే కొలువులో చేరాడు. పోయిన ఎండాకాలం అమ్మీకి టికెట్ పంపాడు. ఒక్కతే విమానం ఎక్కనంటే తోడుగా నేను బయల్దేరాను. డాఖావ్ చూడాలన్న జిద్దు మాత్రం పూర్తిగా నాదే. దానికి వజహ్ మా ఇంట్లోనే ఉంది.

నా కొడుకు ఇంటర్ చదువుతున్నాడు. ఒక రాత్రి వాడి వాట్సప్ స్టేటస్‌లో హిట్లర్ ఫోటో చూశాను. కింద ఉర్దూలో రెండు లైన్లు. కొందరు యహూదీలను కావాలనే వదిలేశాననీ, మిగతావాళ్లను ఎందుకు చంపానో దునియాకు అప్పుడు అర్థమవుతుందనీ హిట్లర్ చెప్పినట్టు. మీరూ చూసే ఉంటారు. ఆ మాట హిట్లర్ అన్నట్టు ఎక్కడా దాఖలా లేదు, ఎవరో అల్లింది. అయినా మన గ్రూపుల్లో దానికి మౌత్ లేదు. గాజా మీద బాంబులు పడ్డప్పుడల్లా లేచి వస్తుంది.

వాడి గుస్సా నాకు తెలుసు. కఫన్‌లో చుట్టిన పసిపిల్లలను ఫోన్‌లో చూసి చూసి మా ఇంట్లో ఎన్నో పూటలు నివాలా గొంతు దిగలేదు. అయినా గట్టిగా మందలించాను. వాడు తల ఎత్తకుండానే, "కోరుట్ల హోటల్ల చాచా అదే మాట అన్నప్పుడు నువ్వేం అన్లేదు గదా అబ్బా" అన్నాడు.

నిజమే. ఏమీ అనలేదు. చాయ్ తాగి, పైసలిచ్చి వచ్చేశాను. అసలు మనకు హిట్లర్ అంటే ఏమిటి? ఉర్దూ మీడియం స్కూల్లో బెత్తం పట్టుకున్న సక్త్ సార్‌కు మేం పెట్టిన పేరు. 1997లో చిరంజీవి సినిమా పేరు. చెల్లెళ్లను కాపలా కాసే అన్న. అంతకుమించి ఆ పేరుకు ఉన్న బరువు ఏ క్లాసులోనూ మాకు ఎవరూ చూపించలేదు. స్టేటస్ ఇరవై నాలుగు గంటల్లో దానంతటదే పోయింది. వాడు అన్న మాట నాలో ఉండిపోయింది.

మ్యూనిక్ పెద్ద స్టేషన్ నుంచి లోకల్ రైల్లో అరగంట కూడా పట్టదు. దిగి బస్సు ఎక్కాలి. ఆ బస్సులో సంచుల నిండా సబ్జీ పెట్టుకున్న ముసలమ్మలు, స్కూలు పిల్లలు. డాఖావ్ ఇప్పటికీ మనుషులు కాపురం ఉండే మామూలు పట్నమే అన్న సంగతి నాకప్పటిదాకా తట్టలేదు. మా గైడ్ అరవై దాటిన జర్మన్ ఆవిడ. ఆమె ఇంగ్లీషులో చెప్తుంటే భాంజా వాళ్లమ్మీకి దక్నీలో చెప్పుకొచ్చాడు. టూర్ రెండున్నర గంటలు. గుంపులో నఖాబ్ వేసుకున్నది ఆపా ఒక్కతే.

హిట్లర్ గద్దె ఎక్కింది 1933 జనవరి 30న. రెండు నెలలు తిరక్కముందే, మార్చి 22న, పాడుబడ్డ మందుగుండు ఫ్యాక్టరీలో ఈ క్యాంపు తెరిచారు. మొదట తెచ్చింది యహూదీలు అని కాదు, రాజకీయంగా ఎదురు నిలిచిన కమ్యూనిస్టులను, సోషల్ డెమోక్రాట్లను. తరువాత ఒక్కొక్కరే: యహూదీలు, రోమా జిప్సీలు, యెహోవా సాక్షులు, స్వలింగ సంపర్కులు, రెండున్నర వేలకు పైగా పాదరీలు. పాదరీల్లో ఎక్కువమంది పోలండ్ వాళ్లు. పన్నెండేళ్లలో రెండు లక్షల మందికి పైగా ఖైదీలు, దాదాపు 41,500 మౌతులు.

నన్ను ఆపేసింది ఈ లెక్కలు కాదు. క్యాంపు తెరవడానికి ముందురోజు మ్యూనిక్ అఖ్బార్‌లో ఆ కబురు అచ్చయిందట. హిమ్లర్ ఎలాన్, ఎంతమంది పడతారు, ఎక్కడ పెడుతున్నారు, అన్నీ. మనం కలెక్టరేట్ ప్రెస్‌నోట్ వేసినట్టు వేశారు. ఇరవై ఏళ్లుగా ప్రెస్‌నోట్లు దిద్దుతున్న చేతులు నావి. జేబులో పెట్టుకున్నాను.

ఇనుప గేటు మీద, పని మనిషిని ఆజాద్ చేస్తుందని జర్మన్‌లో రాసి ఉంటుంది. ఇప్పుడున్నది నకలు. 2014లో దొంగలు అసలు తలుపునే ఎత్తుకుపోతే రెండేళ్లకు నార్వేలో దొరికిందట. లోపల పెద్ద మైదానం. ఖైదీలను పొద్దున, సాయంత్రం గంటలకొద్దీ నిలబెట్టి హాజిరీ తీసుకున్న జాగా. అటువైపు రెండు బ్యారక్‌లు మళ్లీ కట్టి చూపిస్తున్నారు. మిగతావాటికి పునాదుల ఆనవాళ్లు, మీద గులకరాళ్లు, ఒక్కొక్కదానికి నంబరు.

బ్యారక్‌లో చెక్క మంచాలు మూడంతస్తులు. ఆపా ఒక చెక్కను చేత్తో తడిమి, "మీ దుల్హాభాయ్ది రెండంతస్తులే" అన్నది మెల్లగా. అది వేరే ఇది వేరే ఆపా, ఆయన జీతానికి పోయిండు, తిరిగొచ్చిండు అన్నాను. "నాకు తెల్వదా" అన్నది. మళ్లీ చాలాసేపు మాట్లాడలేదు.

శ్మశానభట్టీల దగ్గర ఒక గది ఉంది. తలుపు మీద స్నానాల గది అని రాత. గ్యాస్‌తో చంపడానికే కట్టారు, కానీ ఇక్కడ జనాన్ని సామూహికంగా అలా చంపినట్టు ఆధారం లేదు అని గైడ్ స్పష్టంగా చెప్పింది. ఆ పని పోలండ్‌లో ఆష్విట్జ్, ట్రెబ్లింకా లాంటి చోట్ల జరిగింది. ఇక్కడ ఆకలి, టైఫస్, తూటాలు, మనుషుల మీద మలేరియా ప్రయోగాలు, మంచునీళ్ల ప్రయోగాలు. ఉన్నదానికి రవ్వంత కూడా ఎక్కువ చెప్పలేదామె. గవాహీ అంటే అట్లా ఉండాలి అనుకున్నాను.

తరువాత ఒక మాట చెప్పింది. భాంజా తర్జుమా చేయకుండా ఆగిపోయాడు. ఆపా "క్యా బోలీ?" అని రెట్టించింది. ఆష్విట్జ్ లాంటి క్యాంపుల్లో ఆకలికి ఎండి, కళ్లలో జీవం పోయి, ఇవాళో రేపో అన్నట్టున్న ఖైదీని తోటి ఖైదీలు 'ముసల్మాన్' అనేవారట. మన పేరే. ఆష్విట్జ్ నుంచి ప్రాణాలతో బయటపడ్డ ఇటలీ రచయిత ప్రీమో లేవీ తన పుస్తకంలో దీని గురించి రాశాడు. ఆ పేరు ఎందుకొచ్చిందో తలా ఒకటి చెప్తారు. నేలకు కుంగిపోయి సజ్దాలో ఉన్నట్టు కనిపించేవాళ్లు గనుక అని కొందరు. అంటే చావు అంచున ఉన్న ఆ యహూదీ పేరు ముసల్మాన్. నా కొడుకు స్టేటస్ యాదికొచ్చింది. గోడకు ఆనుకుని నిలబడ్డాను.

ఆ భట్టీల దగ్గరే గోడకు ఒక పలక. నాలుగు పేర్లు. అందులో ఒకటి నూర్ ఇనాయత్ ఖాన్.

నూర్ గురించి కొంచెం చెప్పాలి. అబ్బా హజ్రత్ ఇనాయత్ ఖాన్, బరోడాలో పుట్టిన సంగీత విద్వాంసుడు, తల్లి వైపు టిప్పు సుల్తాన్ ఖాందాన్. ఆయనకు రూహానీ దారి దొరికింది మన హైదరాబాద్‌లోనే. ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా దర్బారులో పాడాడు, సయ్యద్ అబూ హాషిమ్ మదనీ చేతిలో బైత్ అయ్యాడు. ముర్షిద్ ఫర్మానాతో 1910 సెప్టెంబర్ 13న దేశం విడిచి ఓడ ఎక్కాడు. అమెరికన్ బీబీని నికాహ్ చేసుకున్నాడు. 1914లో మాస్కోలో నూర్ పుట్టింది, పారిస్‌లో పెరిగింది. వీణ నేర్చుకుంది, పిల్లల కోసం జాతక కథలు రాసింది. జర్మన్లు ఫ్రాన్స్ మీద పడ్డాక ఇంగ్లండ్ చేరి వైర్‌లెస్ నేర్చుకుంది. 1943 జూన్‌లో రహస్యంగా మళ్లీ ఫ్రాన్స్‌లో దిగింది. ఆ పని మీద అక్కడికి పంపిన మొదటి ఆడ వైర్‌లెస్ ఆపరేటర్ ఆమే. తోటివాళ్లంతా పట్టుబడుతున్నా పారిస్ వదలకుండా మూడు నెలలకు పైగా కబుర్లు పంపింది. అక్టోబర్‌లో ఎవరో ముఖ్బిరీ చేశారు. రెండుసార్లు తప్పించుకోబోయి దొరికిపోయింది. ఫోర్జ్‌హైమ్ జైల్లో పది నెలలు సంకెళ్లలో, ఒంటరిగా ఉంచారు. తోటివాళ్ల గురించి నోరు విప్పలేదు. 1944 సెప్టెంబర్ 12న మరో ముగ్గురు ఆడవాళ్లతో ఇక్కడికి తెచ్చి, 13 తెల్లవారుజామున కాల్చేశారు. ముప్పై ఏళ్లు.

ఆపా ఫాతిహా చదివింది. చదివి, "మిగిలిన ముగ్గురు ఎవరు?" అన్నది. యహూదీ ఉందా, ఈసాయీ ఉందా అని అడగలేదు. "నాకు నోరు తిరగదు, నువ్వు చదువు" అన్నది. చదివాను. యోలాండ్ బీక్‌మన్. మాడ్లిన్ దామర్మో. ఎలియాన్ ప్లూమన్. ఒక్కో పేరుకు ఆపా ఆగి, పెదాలు కదిలించింది. ఇది జాయెజా కాదా అని తరువాత ఎవరో అడిగారు. ముఫ్తీ సాబ్‌ను అడగండి, నేను విన్నది రాస్తున్నాను.

తిరుగు బస్సులో ఆ తారీఖు నన్ను వదల్లేదు. సెప్టెంబర్ 13. మా ఇంట్లో ఆ రోజుకు ఇంకో పేరుంది. 1948లో హిందుస్తానీ ఫౌజ్ హైదరాబాద్ రియాసత్‌లోకి దిగిన రోజు, పోలీస్ యాక్షన్. దాదీకి అప్పటికి పద్దెనిమిది. "పోలీస్ యాక్షన్ కే జమానే మే" అని మొదలుపెట్టి ఎప్పుడూ ఒకే చోట ఆపేది. పాన్‌దాన్ దగ్గరికి లాక్కునేది. ఆమె పోయింది, కథ అక్కడే ఆగింది. ఆ రోజుల్లో ఎంతమంది పోయారో చూడమని నెహ్రూ పంపిన సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫ్ఫార్‌ల కమిటీ 27 వేల నుంచి 40 వేల దాకా అని అంచనా వేసింది. ఆ రిపోర్టును దశాబ్దాల పాటు బయటికి రానివ్వలేదు. ఎక్కువ ఘోరం మరాఠ్వాడా, బీదర్, గుల్బర్గా వైపు. మా కరీంనగర్ వైపు తక్కువే అంటారు. తక్కువ అంటే ఎందరో, ఎవరో?

బైరాన్‌పల్లి కూడా యాదికొచ్చింది. అదే 1948లో, ఆగస్టు 27న, రజాకార్లు ఆ ఊరి మీద పడి బురుజు దగ్గర జనాన్ని నిలబెట్టి కాల్చారు. రిపోర్టింగ్ మీద పోయినప్పుడు స్తూపం చూశాను. ఒక ముసలాయన మంచినీళ్లిచ్చి "పేరేంది బిడ్డా" అంటే చెప్పడానికి ఒక్క గడియ తడబడ్డాను. ఆయన విని, "ఎండ బాగుంది, నీళ్లు ఇంకిన్ని తాగు" అన్నాడు. అప్పుడు ఆ సంగతి రాయలేదు. ఎందుకు రాయలేదో ఇప్పటికీ నాకే సరిగ్గా తెలియదు.

జగిత్యాల వచ్చాక కొడుకును కూర్చోబెట్టి ఫోటోలు చూపించాను. తక్‌రీర్ ఏమీ ఇవ్వలేదు. ముసల్మాన్ అన్న మాట చెప్పాను, నూర్ ముఖం చూపించాను. చాలాసేపు చూసి, "మరి గాజా?" అన్నాడు.

"గాజా గురించి రాస్త. పిల్లలను చంపినోడు ఎవడైనా రాస్త. కానీ ఆ పిల్లల తరఫు గవాహీకి హిట్లర్‌ను తేవద్దు."

ఒప్పుకున్నాడో లేదో తెలియదు. ముఖంలో గుస్సా అట్లాగే ఉంది, ఫోన్ మాత్రం పక్కన పెట్టాడు. ఆ జుమ్మాకు సిరిసిల్ల నుంచి ఆపా వచ్చింది. భోజనాలయ్యాక దస్తర్‌ఖాన్ ఎత్తుతుంటే వాడే అడిగాడు.

"ఫుప్పూ, అక్కడ గోడ మీద పేర్లున్నయి గదా. నీ దాదీ వాళ్లవి ఎక్కడన్న రాసున్నయా?"

లేవని నేను చెప్పబోయాను. ఆపా పళ్లెం కింద పెట్టింది.

"రాసి లేవు. ఒక పేరు దాదీ నాకు చెప్పింది."

ఇన్నేళ్లలో ఆ సంగతి నాకు తెలియదు. వాడు తన నోట్‌బుక్ తెచ్చి ఫుప్పూ ముందు కూర్చున్నాడు.